నలభై మూడు దరఖాస్తులు

హాజెల్‌గ్రుండ్ లోయలో ఎవరింట్లోనైనా ఫోను మూగబోతే, వాళ్లు పక్కింటికి వెళ్లి అక్కణ్ణుంచి జ్ఞానకుమారికి చేస్తారు. ఒకటి నొక్కండి, రెండు నొక్కండి అనే గొంతు అక్కడ వినిపించదు. మూడు ఊళ్లకు కలిపి ఒకే టెలిఫోన్ సహకార సంఘం. నాలుగు వందల పన్నెండు మంది సభ్యులు, ఆఫీసులో ఒక గుమాస్తా, బయట తీగల పనికి తానేటి జ్ఞానకుమారి. ఆమె బాపట్లలో పుట్టి, జర్మనీలోని ఇల్మెనౌలో ఎమ్మెస్ చదివి, అక్కడికి ముప్పై కిలోమీటర్ల దూరంలోని ఈ కొండల మధ్య ఉద్యోగంలో చేరి ఆరేళ్లయింది. భర్త దయాసాగర్ ఇల్మెనౌ యూనివర్సిటీ ల్యాబులో పనిచేస్తాడు. కూతురు ఈవా మూడో క్లాసు.

ఇంటర్వ్యూ రోజునే సంఘం అధ్యక్షుడు హెర్ శ్రామ్ ఆమెను గోడమీది మ్యాపు ముందు నిలబెట్టి గంటసేపు సంఘం చరిత్ర చెప్పాడు. తూర్పు జర్మనీ రోజుల్లో ఈ లోయలో ఉన్నవి మూడే ఫోన్లు. మేయరింట్లో ఒకటి, డాక్టరు దగ్గర ఒకటి, కొట్లో ఒకటి. ఇంటికి ఫోను కావాలని అర్జీ పెట్టుకుంటే పదిహేనేళ్లు, ఇరవయ్యేళ్లు పట్టేది. కొండలు అడ్డం కాబట్టి టీవీ కూడా సరిగ్గా వచ్చేది కాదు. 1985లో ఊళ్లోవాళ్లే సంఘం కట్టుకుని, డ్యూటీలు దిగాక సాయంత్రాలు పారలు పట్టుకుని, కొండమీద యాంటెనా నిలబెట్టి, అక్కణ్ణుంచి ఇంటింటికీ కందకం తవ్వి తీగ వేసుకున్నారు. బెర్లిన్ గోడ కూలి, చట్టం మారాక, 1998లో అవే కందకాల్లోంచి ఫోను వచ్చింది. ఆ వెనక ఇంటర్నెట్టు. పదేళ్ల కిందట ఒక పెద్ద కంపెనీ, మీ లోయకు ఫైబర్ వేయడం మాకు గిట్టుబాటు కాదని ఉత్తరం రాస్తే, దాన్ని ఫ్రేము కట్టించి ఆఫీసు గోడకు తగిలించి, మళ్లీ పారలు అందుకున్నారు.

"ఎవరూ ఇవ్వకపోతే మేమే తెచ్చుకున్నాం, ఫ్రావ్ తానేటి. మా సంఘం అంటే అదీ," అన్నాడు శ్రామ్.

ఆ మాట జ్ఞానకుమారికి నచ్చింది. వాళ్ల నాన్న బాపట్లలో టెలిఫోన్ లైన్‌మన్. తొంభైలో తుపాను వచ్చినప్పుడు నడుంలోతు నీళ్లలో దిగి, ముందు ఆస్పత్రికి, తర్వాత పాలెంలోకి తీగ లాగిన మనిషి. మొదటి జీతం అందగానే ఆమె కూడా ఒక వాటా తీసుకుని సభ్యురాలైంది. ఎన్ని వాటాలున్నా మనిషికి ఒకటే ఓటు. అది కూడా ఆమెకు నచ్చింది.

కరోనా వచ్చాక సంఘం నిజంగానే గొప్పగా పనిచేసింది. బళ్లు మూసేసిన వారంలోనే, ఇంటర్నెట్టు లేని ఏడిళ్ల పిల్లలకు లైన్లు వేసింది. ఒంటరిగా ఉండే ముసలివాళ్లకు, పడిపోతే నొక్కడానికి మెళ్లో వేసుకునే బటన్లు ఇచ్చింది. 2021 జనవరిలో టీకాకి టెర్మిన్లు, అంటే అపాయింట్‌మెంట్లు, కంప్యూటర్లోనే తీసుకోవాలన్నప్పుడు, ఎనభై దాటినవాళ్లందరి తరఫునా గుమాస్తాయే రోజంతా కూర్చుని తీసిపెట్టేది. టెర్మిన్ దొరికిందా అని అడగడానికి రోజుకు యాభై ఫోన్లు. ఆ రోజుల్లో సంఘం పేరున్న జాకెట్టు వేసుకుని రోడ్డుమీద నడవడం జ్ఞానకుమారికి గర్వంగా ఉండేది.

ఊరి చివర, రంపపు మిల్లు దాటాక, నాలుగంతస్తుల మేడ ఒకటి ఉంది. ఒకప్పుడు అది ఏదో సర్కారీ ఫ్యాక్టరీ కార్మికులు సెలవులకు వచ్చి ఉండే విడిది. రూడ్‌లోఫ్ అనే ఆయన దాన్ని కొని, కొండ అవతల కోడిమాంసం ఫ్యాక్టరీలో పనిచేసే రుమేనియా వాళ్లకు మంచానికింత అని అద్దెకిస్తున్నాడు. అరవై మంది దాకా ఉంటారు. జనవరి పదకొండున అందులో కొందరికి కరోనా అని తేలింది. అధికారులు వచ్చి మేడ చుట్టూ ఇనుప కంచె బిగించి, గేటు దగ్గర కాపలా మనిషిని కూర్చోబెట్టి వెళ్లారు.

పదమూడో తేదీ, బుధవారం, ఆ మేడ ఎదుట రోడ్డు వారనున్న సంఘం తీగల పెట్టెలో ఏదో పాడైందని జ్ఞానకుమారి వెళ్లింది. పెట్టె తలుపు తెరిచి పని మొదలుపెట్టిందో లేదో, కంచె దగ్గరికి ఒకామె పరుగెత్తుకొచ్చింది. మంచు కురుస్తోంది. ఒంటిమీద కోటు లేదు, కాళ్లకు ఇంట్లో వేసుకునే చెప్పులు. చేతిలో సెల్‌ఫోను పైకెత్తి చూపిస్తూ, వచ్చీరాని జర్మన్‌లో, సిగ్నల్ లేదు, డాక్టరు కావాలి, మా తమ్ముడికి పొద్దుటినుంచీ ఊపిరాడటం లేదు అంది. ఆ మలుపులో సెల్ సిగ్నల్ రాదని జ్ఞానకుమారికి తెలుసు. మూడో అంతస్తు మెట్ల కిటికీ దగ్గర ఎప్పుడైనా ఒక గీత కనిపిస్తుంది, అంతే. కాపలా మనిషి కారులో హీటరు వేసుకుని కూర్చున్నాడు. ఎవరినీ బయటికి పోనివ్వొద్దన్నారు, ఇంకేమీ చెప్పలేదు అన్నాడు.

జ్ఞానకుమారి తీగలు పరీక్షించే ఫోను పెట్టెలో తగిలించి, 112కి చేసి, అంబులెన్సును పిలిచింది. అది రావడానికి ఇరవై ఐదు నిమిషాలు పట్టింది. కంచె దగ్గరి ఆమె పేరు మరియోరా, తమ్ముడి పేరు పెట్రు. స్ట్రెచర్ మీద తీసుకుపోతుంటే అతను చెయ్యెత్తడానికి ప్రయత్నించాడు. మరియోరా కంచె ఊచలు పట్టుకుని, బండి కనబడకుండా పోయేదాకా అలాగే నిలబడింది.

పెట్టెలో పన్నెండు ఫైబర్లు ఖాళీగా ఉన్నాయి. అక్కణ్ణుంచి మేడ గోడ ముప్పై అడుగులు.

జ్ఞానకుమారి తిన్నగా శ్రామ్ దగ్గరికి వెళ్లింది. ఆయన అంతా విని, పాపం అన్నాడు. ఆ తర్వాత అసలు విషయం చెప్పాడు. మేడ రూడ్‌లోఫ్‌ది. రూడ్‌లోఫ్ సభ్యుడే గానీ ఆ మేడకు లైను కావాలని అడగలేదు. లోపలున్నవాళ్లు సభ్యులు కారు. సంఘం సేవ సభ్యులకే. పైగా, పరీక్షల ఫోను ఇకమీద బయటివాళ్ల కోసం వాడొద్దన్నాడు.

"క్వారంటైన్ అయ్యేదాకానైనా ఇద్దాం, హెర్ శ్రామ్. రెండు గంటల పని."

"మీ మనసు మంచిది, ఫ్రావ్ తానేటి. కానీ వాళ్లు ఇవాళ ఉంటారు, రేపు పోతారు. వాళ్లు లోయ మనుషులు కారు."

ఆ మాట ఎవరితో అంటున్నాడో ఆయనకు తట్టలేదు. జ్ఞానకుమారి బయటికొచ్చింది. రూడ్‌లోఫ్‌కి ఫోను చేస్తే ఆయన ఇంకా సూటిగా చెప్పాడు. ఇంటర్నెట్టు ఇస్తే గదుల వీడియోలు తీసి పేపర్లకు పంపుతారు, రెండు వారాలు ఫోను లేకపోతే ఎవరూ చావరు అన్నాడు.

ఇంట్లో ఆమె సంఘం నిబంధనల పుస్తకం ముందేసుకుని కూర్చుంటే దయాసాగర్‌కి గుబులు పట్టుకుంది.

"కుమారీ, మన పర్మినెంట్ రెసిడెన్సీ కాగితాలు ఇమ్మిగ్రేషన్ ఆఫీసులో ఉన్నాయి. వచ్చే నెలే టెర్మిన్. ఇప్పుడు ఉద్యోగంలో గొడవలెందుకు చెప్పు," అన్నాడు.

"గొడవేం లేదండీ. రూల్సు చదువుకుంటున్నాను."

నాలుగో నిబంధన దగ్గర ఆమె ఆగిపోయింది. ఈ మూడు ఊళ్లలో నివాసముండే ఎవరైనా సభ్యులు కావచ్చు అని ఉంది. ఇల్లు సొంతమై ఉండాలని ఎక్కడా లేదు. లోయలో పుట్టి ఉండాలనీ లేదు. తనూ ఆ లెక్కనే కదా సభ్యురాలైంది.

మర్నాడు గుమాస్తాని అడిగితే, ఎన్ని కావాలని కూడా అడక్కుండా దరఖాస్తుల కట్ట తీసి ఇచ్చింది. జ్ఞానకుమారి వాటిని కంచె సందులోంచి లోపలికి అందించింది. మరియోరా రెండు రోజులు గది గదికీ తిరిగి నింపించింది. నలభై మూడు మంది సంతకాలు చేశారు. వాటా సొమ్ము విడివిడిగా కవర్లలో పెట్టి, కవర్లమీద పేర్లు రాసిచ్చారు. ఊరికే ఇవ్వండని ఒక్కరూ అడగలేదు. పద్దెనిమిదో తేదీ సోమవారం ఆమె ఆ కట్టను శ్రామ్ బల్లమీద పెట్టింది.

శ్రామ్ దాన్ని సొరుగులో పెట్టాడు. కార్యవర్గం పరిశీలిస్తుందన్నాడు. ఆమె రోజూ అడిగింది. ఒక రోజు సంతకాలు సరిగ్గా లేవన్నాడు. ఇంకో రోజు కార్యవర్గంలో ఒకాయనకు జలుబన్నాడు. మరో రోజు వకీలును అడగాలన్నాడు. చివరికి విసిగిపోయి మనసులో మాట బయటపెట్టాడు. నలభై మూడు కొత్త ఓట్లంటే మాటలు కాదన్నాడు. ఈలోగా దరఖాస్తుల సంగతి తెలిసి రూడ్‌లోఫ్ కాపలా మనిషికి చెప్పి, కంచె దగ్గరికి ఎవరినీ రానివ్వకుండా చేశాడు. లోపల ఇంకొందరికి కరోనా రావడంతో క్వారంటైన్ పొడిగించారు. జ్ఞానకుమారి లోయలో మిగతా ఇళ్లకు వెళ్లి, పిల్లల ఆన్‌లైన్ క్లాసులు ఆగిపోకుండా తీగలు సరిచేస్తూ తిరిగింది. పద్ధతి ప్రకారం అడుగుతున్నాను, పద్ధతి ప్రకారమే జరుగుతుంది అనుకుంది. అలా అనుకున్నందుకు తర్వాత ఆమె తనను తాను చాలా తిట్టుకుంది.

ముప్పయ్యో తేదీ శనివారం, మధ్యాహ్నం కాకముందే, బత్తాయిలూ బ్రెడ్డూ గేటు దగ్గర ఇచ్చి వద్దామని వెళ్లింది. ఆ రోజు కాపలాకు కొత్త మనిషి వచ్చాడు. అతను అడ్డం చెప్పలేదు. మరియోరా వచ్చి ఒక ఉత్తరం కంచెకు ఆనించి పట్టుకుంది. ఆస్పత్రి నుంచి ఆ పొద్దున్నే పోస్టులో వచ్చింది. పెట్రు బుధవారం చనిపోయాడు. అంతకుముందు రెండు రోజుల్లో మరియోరా నంబరుకు పదకొండు సార్లు ఫోను చేశామనీ, రోగికి తెలివి ఉండగా ఆమెతో మాట్లాడించాలని నర్సు ప్రయత్నించిందనీ, లైను కలవలేదనీ అందులో రాసి ఉంది. విచారిస్తున్నామని కూడా ఉంది.

"పదకొండు సార్లు," అంది మరియోరా. ఆమె ఏడవడం లేదు. "నేను మెట్ల మీదే కూర్చున్నాను. కిటికీ దగ్గర. మూడు రోజులు కూర్చున్నాను."

జ్ఞానకుమారి వెనకే, మేడ గోడకు ముప్పై అడుగుల దూరంలో, పెట్టె చిన్నగా గుయ్యిమంటోంది.

ఇంటికొచ్చి, స్టోరు గదిలోంచి బయట పెట్టే వైఫై యాంటెనా, తీగచుట్ట, పనిముట్ల సంచీ తీసి కారులో పడేసింది. దయాసాగర్ ఎక్కడికని అడిగాడు. ఆమె ఉత్తరం సంగతి చెప్పింది. అతను సోఫాలోంచే ఫోను అందుకున్నాడు. సాయంత్రం ఆన్‌లైన్‌లో తెలుగు విశ్వాసుల కూడిక ఉంది. క్వారంటైన్లో ఉన్నవారందరి కోసం ప్రార్థన నడిపించాల్సింది తనే.

"ఇవాళ ఇంకెవరినైనా నడిపించమని మెసేజ్ పెడతాను," అన్నాడు లేచి కోటు తొడుక్కుంటూ. "నిచ్చెన నేను పట్టుకుంటాను, పద."

పెట్టె పక్కన సంఘం స్తంభం ఉంది. అది రోడ్డు వార పంచాయతీ స్థలం. రూడ్‌లోఫ్ అనుమతితో పని లేదు. ఆమె యాంటెనాను స్తంభానికి బిగించి, మేడ వైపు తిప్పి, ఒక ఖాళీ ఫైబరుకు తన సభ్యత్వ నంబరు మీదే లైను తెరిచింది. గంటన్నర పట్టింది. పాస్‌వర్డు అట్టముక్క మీద పెద్ద అక్షరాలతో రాసి ఎత్తి చూపించింది. కిటికీల్లో తలలు కనిపించాయి. ఒక్క నిమిషం ఏమీ లేదు. తర్వాత ఒక అంతస్తులో, ఇంకో అంతస్తులో, మేడంతా ఫోన్లు మోగడం మొదలైంది. మూడు వారాల మెసేజీలు ఒక్కసారిగా వచ్చిపడుతున్న చప్పుడు రోడ్డుమీదికి వినిపించింది. ఎక్కడో ఒక మగగొంతు పిల్లవాడి పేరేదో పదే పదే పిలుస్తూ, ఏడుస్తూ నవ్వుతోంది. దయాసాగర్ నిచ్చెన పట్టుకునే ఉన్నాడు, ఆమె దిగిపోయి చాలాసేపైనా.

సోమవారం పొద్దున శ్రామ్ ఆమె చేతికి అబ్‌మానుంగ్ ఉత్తరం ఇచ్చాడు. ఇంకోసారి ఇలా చేస్తే ఉద్యోగం పోతుందని చెప్పే హెచ్చరిక. వెంటనే యాంటెనా దించమన్నాడు. దించనంది. అది తన లైను, సభ్యురాలు తన ఇంటికొచ్చిన అతిథికి ఫోను ఇవ్వొచ్చని నిబంధనల్లోనే ఉంది, ఆ అరవై మందీ తన అతిథులు అంది.

"వాళ్లు మీ ఇంట్లో లేరు," అన్నాడు శ్రామ్.

"వాళ్లను మా ఇంటికి రానిస్తే రమ్మంటాను. కంచె మీరు తీయిస్తారా?"

పెట్టెల తాళాలు తీసేసుకుని, కార్యవర్గం తేల్చేదాకా ఇంట్లో ఉండమన్నాడు. ఆరేళ్లలో మొదటిసారి జ్ఞానకుమారి పనిదినాన ఖాళీ చేతులతో ఇంటికి నడిచింది.

ఆ మధ్యాహ్నం ఇల్సే కెర్న్ ఫోను చేసింది. ఎనభై మూడేళ్ల మనిషి. మొదట సంఘం కట్టినవాళ్లలో బతికున్న ముగ్గురిలో ఒకామె. గుమాస్తా ఆమెకు టీకా టెర్మిన్ తీసిపెడుతూ జరిగిందంతా చెప్పేసింది. ఇల్సే ఒక్కటే అడిగింది, శ్రామ్ ఆ దరఖాస్తులను నిజంగానే సొరుగులో పెట్టాడా అని. పెట్టాడని జ్ఞానకుమారి చెప్పింది. సరే అని పెట్టేసింది.

సభ్యుల్లో పదోవంతు మంది అడిగితే సర్వసభ్య సమావేశం పెట్టి తీరాలి. అంటే నలభై రెండు సంతకాలు. లోయలో సగం నంబర్లు ఇల్సేకి కంఠతా వచ్చు. రెండు రోజులు కుర్చీలోంచి లేవకుండా ఒక్కొక్కరికీ ఫోను చేసింది. శుక్రవారానికి సంఘం పోస్టు డబ్బాలో అరవై ఒక్క ఉత్తరాలు పడ్డాయి.

సమావేశం మార్చి ఆరున, రంపపు మిల్లు గోడల్లేని షెడ్డులో, కుర్చీలు ఎడంగా వేసి పెట్టారు. మాస్కులూ దుప్పట్లతో నూటముప్పై మంది వచ్చారు. క్వారంటైన్ అప్పటికే ఎత్తేశారు. ఎత్తేసిన వారంలోనే కోడిమాంసం ఫ్యాక్టరీ చాలామందిని ఇంకెక్కడికో బదిలీ చేసింది. సంతకం పెట్టిన నలభై మూడు మందిలో మిగిలింది పద్నాలుగు మంది. వాళ్లు ఇంకా సభ్యులు కారు కాబట్టి షెడ్డు బయట, కరుగుతున్న మంచులో నిలబడ్డారు. ముందు వరసలో మరియోరా.

రూడ్‌లోఫ్ లేచి, మన తాతలు తవ్విన కందకాలను నిన్నగాక మొన్న వచ్చినవాళ్ల చేతుల్లో పెడతారా అని అడిగాడు. కొందరు తలలూపారు. శ్రామ్ నిబంధనలూ బాధ్యతలూ గురించి మెల్లగా, మర్యాదగా, చాలాసేపు మాట్లాడాడు. అప్పుడు ఇల్సే కెర్న్ వాకరు ఆసరాతో లేచింది.

"మీ నాన్నా నేనూ పక్కపక్కనే తవ్వాం, శ్రామ్. టీవీ కోసం తవ్వామని నువ్వు అందరికీ చెబుతావు. నేను టీవీ కోసం తవ్వలేదు. ఎనభై నాలుగులో మా ఆయనకు గుండెనొప్పి వస్తే నేను మేయరింటికి పరుగెత్తాను. ఇంటికి తాళం. కొట్టుకు తాళం. డాక్టరు ఇంకో ఊళ్లో ఉన్నాడు. నేను తిరిగొచ్చేసరికి మా ఆయన వంటింట్లో నేలమీద ఉన్నాడు. ఒకసారి తీగంటూ వస్తే ఎప్పటికైనా ఫోను వస్తుందని తవ్వాను. ఆ పిల్ల మెట్ల మీద మూడు రోజులు కూర్చుంది. పెట్టె ఎదురుగా ఉంది. తాళం మన దగ్గర ఉంది."

వాకరు పక్కకు నెట్టి కూర్చుంది.

డెబ్బై తొమ్మిది మంది చేర్చుకోవాలని చేతులెత్తారు. నలభై ఆరుగురు వద్దన్నారు. అయిదుగురు ఎటూ ఎత్తలేదు. వద్దన్నవాళ్లలో, పిల్లల క్లాసుల కోసం జ్ఞానకుమారి మంచులో పాకి లైను వేసిన ఇంటివాళ్లు ఇద్దరున్నారు. ఆమె వాళ్లవైపు చూసింది. వాళ్లు బూట్లవైపు చూసుకున్నారు.

పద్నాలుగు మందీ లోపలికి వచ్చారు. వాళ్లకు కుర్చీలు వేసి లేవు. జ్ఞానకుమారి అడిగితే తప్ప ఎవరూ కదల్లేదు. అందరూ సర్దుకునేసరికి శ్రామ్ ఆమె దగ్గరికి వచ్చి, కరచాలనానికి బదులు మోచెయ్యి చాచాడు.

"చూశారా, ఫ్రావ్ తానేటి. చివరికి మన సంఘం సరైన పనే చేసింది."

ఆమె మోచెయ్యి కలపలేదు.

"పదిహేడు రోజులు చెయ్యలేదు. నేను మిమ్మల్ని అడిగిన రోజునుంచి, యాంటెనా కట్టిన రోజు దాకా. అది మినిట్స్‌లో రాయించండి."

"మినిట్స్‌లో నిర్ణయాలే రాస్తాం."

"దరఖాస్తులు సొరుగులో పెట్టడం కూడా నిర్ణయమే, హెర్ శ్రామ్. ఆ మధ్యలో ఒక మనిషి పోయాడు. అక్క గొంతు వినకుండా పోయాడు. నేను సభ్యురాలిగా అడుగుతున్నాను. రాయించండి."

ఆమె గొంతు పెంచలేదు గానీ షెడ్డంతా విన్నది. శ్రామ్ చుట్టూ చూశాడు. రూడ్‌లోఫ్ అప్పటికే వెళ్లిపోయాడు. గుమాస్తా అధ్యక్షుడి వైపు చూసింది, ఇల్సే కెర్న్ వైపు చూసింది, పుస్తకంలో పేజీ తిప్పి రాయడం మొదలుపెట్టింది. మధ్యలో ఆగి, చనిపోయినతని పేరు ఎలా రాయాలని అడిగింది. మరియోరా బల్ల దగ్గరికి వచ్చి, ఒక్కొక్క అక్షరమే చెప్పింది.

ఆ హెచ్చరిక ఉత్తరాన్ని ఏప్రిల్‌లో వెనక్కి తీసుకున్నారు. తాళాలు ఇచ్చేశారు. క్షమించమని మాత్రం ఎవరూ అనలేదు. పర్మినెంట్ కాగితాలు కూడా ఏ ఇబ్బందీ లేకుండా వచ్చాయి. ఇక ఆ కోపం వదిలెయ్యమని దయాసాగర్ ఒకటి రెండుసార్లు అన్నాడు. వదిలే ఉద్దేశం తనకు లేదని జ్ఞానకుమారి చెప్పింది. మే నెలలో కార్యవర్గంలో ఒక స్థానం ఖాళీ అయితే, ఆమె ఎవరినీ అడక్కుండా నామినేషన్ వేసింది.